రెండో నోరు

ఎరుపు అన్న మాట సోములమ్మ నోట రాదు. చెట్టు మీద కాఫీ కాయని చూపించి "పండిన రంగు" అంటుంది. పక్కింటి యర్రమ్మని "ఒలే, గట్టవతలదానా" అని కేకేస్తుంది. ఆ యర్రమ్మకి అదో వేళాకోళం. నా పేరు ఓపాలి పిలిసీవే, కళ్లేటీ పోవులే అని ఏడిపిస్తూనే ఉంటుంది. సోములమ్మ పిలవదు. మొగుడి అన్న పేరు యర్రయ్య మరి. వాళ్ల కొండల్లో మొగుడి అన్న పేరు ఆడది పలక్కూడదు, ఆ పేరుకి దగ్గరగా వినబడే మాట కూడా పలక్కూడదు. ఆయన ఎదురైతే తల తిప్పుకోవాలి, ఆయన నీడ తొక్కకూడదు, ఇద్దరి మధ్య మాటా పలుకూ అసలే ఉండకూడదు. మొగుడు పోయి ఇరవై ఎనిమిదేళ్లు. ఏటికి అడ్డంగా కట్ట కట్టాక మొగుడి ఊరు తుంబిపుట్టు నీళ్లకింద పడి పాతికేళ్లు. తప్పు పట్టే పెద్దలు ఒక్కరు మిగల్లేదు. అయినా ఆమె పలకదు. అదంతే.

ఆ ఆదివారం పొద్దున్న సోములమ్మ వాకిట్లో కాఫీ గింజలు ఆరబోస్తోంది. తొక్క తీసి కడిగిన గింజలు, జిగట ఇంకా పూర్తిగా వదల్లేదు. చాప మీద పల్చగా పోసి, వేళ్లు విడదీసి, పాయలు పాయలుగా గీస్తూ పోవాలి. గంటకోసారి గియ్యకపోతే అడుగున బూజు పడుతుంది. మోకాళ్ల మీద ఆ చివర్నుంచి ఈ చివరికి జరుగుతూ ఉంటే నర్సు ఫ్లోరెన్స్ గట్టు ఎక్కి వచ్చింది, చంకలో కొత్త పుస్తకాలతో.

సోములమ్మ ఇప్పుడుంటున్న ఊరు పనసగుడ, ఫ్లోరెన్స్ అక్కడి సబ్‌సెంటర్లోనే నర్సు. ఆమె తండ్రి సమూయేలు మాస్టారు మిషన్ బడిలో చదువు చెప్పేవాడు. బడికి సెలవులిస్తే చాలు, సంచీలో కాయితాలు, సిరాబుడ్డి పెట్టుకుని ఊరూరూ తిరిగి కొండ మాటలు రాసుకునేవాడు. అలా రాసి అచ్చేయించిందే కొండ భాష నిఘంటువు. అది పాతికేళ్లనాటి సంగతి, మాస్టారూ పోయాడు. ఇప్పుడు పాడేరులో కొత్తగా పెట్టిన గిరిజన భాషల ఆఫీసువాళ్లు దాన్నే దిద్ది రెండో కూర్పు వేశారు. నాన్న పేరు లోపలి పేజీలో ఉందని ఫ్లోరెన్స్ మురిసిపోయి రెండు కాపీలు కొంది. ఒకటి తనకి, ఒకటి సోములమ్మకి. మాటలు చెప్పినవాళ్ల జాబితాలో సోములమ్మ పేరు కూడా వేశారని వేలు పెట్టి చూపించింది.

సోములమ్మ చేతులు కడుక్కుని కొంగుకి తుడుచుకుని, ఆ నున్నటి అట్టని ముట్టుకుని చూసింది. తర్వాత లోపలికి పోయి, పొయ్యి మీది అటక మీంచి తన పుస్తకం దింపింది. పాత గుడ్డలో మూట కట్టి ఉంది. ఒకప్పుడు తెల్లట్ట, పొగకి చోడిరొట్టెలా ముదురు గోధుమ రంగు తిరిగింది. ఆ పొగ వల్లే చెద తాకలేదు. దాంతోపాటు ఆనపబుర్ర ఒకటి తెచ్చింది. అందులో చింతపిక్కలు.

ఆ పిక్కల కథ ఇదీ. మాస్టారు ఒక్కో మాటా మూడుసార్లు చెప్పించుకునేవాడు. రాసింది తిరిగి చదివేవాడు. సోములమ్మ తలూపితే "వెయ్యి" అనేవాడు. ఆమె ఒక పిక్క బుర్రలో వేసేది. మొత్తం అరవై మూడు. పుస్తకం అచ్చయి వచ్చిన రోజున మాస్టారు ఆమె మాట ఉన్న ప్రతిచోటా ఎర్ర పెన్సిలుతో టిక్కు పెట్టి మరీ ఇచ్చాడు. ఒక్కచోట మాత్రం ఆమె తనంతట తనే పసుపు నీళ్లలో వేలు ముంచి పక్కన అద్దింది. అక్షరం ముక్క రాదు, కానీ ఆ పేజీని కళ్లు మూసుకుని తీస్తుంది.

సరదాకే మొదలైంది. టిక్కు ఉన్న మాట ఫ్లోరెన్స్ పాత పుస్తకంలో చదవడం, కొత్తదాంట్లో వెతకడం, దొరికితే చాప అంచున కుమ్మరించిన పిక్కల్లోంచి సోములమ్మ ఒకటి తీసి బుర్రలో వెయ్యడం. మొదటి ఇరవై హాయిగా పడ్డాయి. ఆ తర్వాత ఫ్లోరెన్స్ వేలు ఒక పేజీలో పైకీ కిందకీ తిరిగి ఆగిపోయింది. ఇదెక్కడో తప్పిపోయినట్టుందే అంది. ఆ పిక్క చాప మీదే ఉండిపోయింది. పొద్దు నడినెత్తికొచ్చేసరికి చాప మీద పది పిక్కలు.

వేటకి పోయే మగాడు లేని ఇంటికి ఊరు తీసిపెట్టే మాంసం వాటాకి ఒక మాట ఉండేది. అది లేదు. కొత్తకోడలు అత్తింటికి మోసిన మొదటి నీళ్లకుండకో మాట, లేదు. ఇద్దరాడవాళ్లు ఒకే రోట్లో చోళ్లు దంచేటప్పుడు రోకలి వెనక రోకలి పడే వరసకో మాట, అదీ లేదు. పసుపు అద్దిన మాటని సోములమ్మ ఆఖరికి అట్టేపెట్టింది. కొండదారిలో బరువుతో ముందు నడిచే మనిషి, వెనక వచ్చేవాళ్లు అందుకునేదాకా ఆగడం. జిరుంబ. ఫ్లోరెన్స్ మూడుసార్లు వెతికింది. పిక్కలు పదకొండయ్యాయి.

కారణం ముందుమాటలో రాసే ఉంది. ఒకే వ్యక్తి నుంచి సేకరించినవి, నిర్ధారణ కానివి ఈ కూర్పులో తొలగించామని. ఫ్లోరెన్స్ అది చదివి ఊరుకుంది. సోములమ్మ ఊరుకోలేదు, నిర్ధారణంటే ఏటని అడిగింది.

"అంటే... నిజమో కాదో తేలనివి అని, అత్తా."

సోములమ్మ లేచింది. చాప దగ్గరికి పోయి గింజలు గియ్యడం మొదలెట్టింది. గీసినచోటే మళ్లీ గీసింది. గట్టు మీద నిలబడి అంతా విన్న యర్రమ్మ మాత్రం నవ్వుతూ, మాటకో గ్లాసుడు టీ పోసేవోడట కదే మాస్టారు, టీ కోసం అల్లీసి సెప్పీసినావేటే అంది. వట్టి వేళాకోళమే, యర్రమ్మ మనసులో ఏమీ ఉండదు. కానీ సాయంత్రానికల్లా ఆ మాట ఊట దగ్గర నీళ్లు పట్టుకునేవాళ్ల నోళ్లలో పడింది. వాళ్లంతా పనసగుడలోనే పుట్టి పెరిగినవాళ్లు. సోములమ్మ ఒక్కతే ఎక్కడినుంచో వచ్చి పడ్డ మనిషి. ఆమె చెప్పే తుంబిపుట్టు అన్న ఊరిని చూసినవాళ్లు ఎవరూ లేరు. అబద్ధమని ఆమె మొహాన ఎవరూ అనలేదు. నిజమని మాత్రం ఎవరంటారు?

ఆమెకి పిల్లల్లేరు, పొలం లేదు. తుంబిపుట్టు నుంచి తెచ్చుకున్నది ఆ మాటలొక్కటే. పదకొండు పిక్కల్నీ కొంగున ముడేసుకుని, రేపు పాడేరు పోదామని ఫ్లోరెన్స్‌కి కబురంపింది.

పాడేరు ఆఫీసు రెండే గదులు. నిఘంటువు పని చూసే రవిబాబుకి ముప్పయ్యేళ్లుంటాయేమో. కింద మైదానం మనిషి, కొండ భాష కాగితాల మీదే నేర్చుకున్నాడు. మంచివాడే పాపం. లేచి కుర్చీ వేశాడు, పెద్దమ్మా అన్నాడు. సోములమ్మ మూట విప్పి పుస్తకం బల్ల మీద పెట్టేసరికి అతని కళ్లు మెరిశాయి. రెండు చేతులతో తీసుకుని, ఒక్కో పేజీ తిరగేసి, ముక్కు దగ్గర పెట్టుకుని పొగవాసన పీల్చాడు. ఆఫీసు కాపీ సగం చెదలు తినేశాయట. మిగతా సగం ఎక్కడిదో జిరాక్సు. ఈ మొదటి కూర్పు నిండు కాపీ తను చూడ్డం ఇదే మొదలన్నాడు. మాకిచ్చేయండి, గాజు బీరువాలో భద్రంగా పెడతాం, బదులుగా కొత్తవి మూడిస్తాం అని అడిగాడు. అడిగిన తీరులో ఆశ దాగలేదు.

సోములమ్మ పుస్తకాన్ని మెల్లగా తన ఒళ్లోకి లాక్కుంది.

"నాకు సదవరాదు బాబూ. అయినా ఇది నా దగ్గరే ఉంటాది."

అతను మళ్లీ అడగలేదు. తీసేసిన మాటల సంగతి చెప్పాడు, ఓపిగ్గానే చెప్పాడు. మిమ్మల్ని అబద్ధాలకోరని ఎవరూ అనలేదు పెద్దమ్మా, ఇది పద్ధతి. ఒక్కరు చెబితే అది ఆ మనిషి మాట. ఇద్దరు చెబితే భాష. మిగిలిన యాభై రెండూ పక్క ఊళ్లవాళ్లు కూడా చెప్పారు కాబట్టి ఉన్నాయి. ఈ పదకొండూ చెప్పింది మీరొక్కరే. తుంబిపుట్టు మనిషి ఇంకొక్కరు ఒప్పుకుంటే చాలు, అనుబంధంలో వేస్తాను. ఆ అనుబంధం శుక్రవారం ప్రెస్సుకి పోతుంది.

"ఆ ఊరికి పదకొండు గడపలు బాబూ," అంది సోములమ్మ. "నీళ్లొచ్చినప్పుడు తలోదిక్కూ పోయారు. పోయినోళ్లు పోగా..." అని ఆగిపోయింది.

జీపు స్టాండుకి వచ్చారు. ఫ్లోరెన్స్ అడగ్గా అడగ్గా, ఒకలున్నారు అంది. ఎవరంటే చెప్పదు. చెప్పలేదు కదా. పక్కన దించిన కాఫీ బస్తా చిరుగులోంచి ఒక పండిన కాయ తీసి ఫ్లోరెన్స్ అరచేతిలో పెట్టి, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. ఫ్లోరెన్స్ ఆ కాయనీ ఈమెనీ మార్చి మార్చి చూసింది. యర్రమ్మని పేరుపెట్టి పిలవకపోవడం గుర్తొచ్చింది.

"యర్రయ్యా? మీ బావగారా?"

సోములమ్మ తలూపింది. ఫ్లోరెన్స్‌కి నవ్వొచ్చింది, కానీ ఆమె కొంగు తియ్యకపోవడం చూసి నవ్వు మింగేసింది. ఆయన డొంకరాయి ప్రాజెక్టు క్యాంపులో వాచ్‌మన్ అని ఆరేళ్ల కిందట సంతలో ఎవరో చెప్పారట. ఫ్లోరెన్స్ టెలిఫోన్ బూత్‌లోకి పోయి క్యాంపు ఆస్పత్రిలో తనకి తెలిసిన కాంపౌండరుకి ఫోన్ చేసింది. ఉన్నాడు, బతికే ఉన్నాడు. గురువారం పాడేరు రమ్మని మీ తమ్ముడి భార్య అడుగుతోందని చెప్పమంది. చెబుతాను, వస్తాడో రాడో నాకు తెలీదని అతను ఫోన్ పెట్టేశాడు.

మంగళవారం, బుధవారం సోములమ్మ కాఫీ కోతకి పోయింది. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో నడుముకి బుట్ట కట్టుకుని, కొమ్మ వంచి, పండినవే ఏరి పచ్చివి వదిలెయ్యాలి. ఆ రెండు రోజులూ ఆమె బుట్టలో పచ్చికాయలు పడుతూనే ఉన్నాయి. వస్తాడా? వస్తే ఎదట ఎలా కూచోడం? రాకపోతే ఊట దగ్గరికి ఏ మొహం పెట్టుకుని పోవడం? పక్క వరసలో కోసేవాళ్లు ఏదో చెప్పుకుని నవ్వుకుంటే తన గురించేనని చెవులు రిక్కించేది. వాళ్లు వేరే ఏదో నవ్వుకుంటున్నారు. అది తెలిసి ఇంకా ఒంటరిగా అనిపించింది.

ఊరు విడిచిన రోజు గుర్తొచ్చింది. బావ తన ఇంటి దూలాలు మోసుకుని అటువైపు దారి పట్టాడు. తను ఇటువైపు. దారులు చీలేచోట ఆయన ఆగి, విత్తనం చోళ్ల కుండ ఒకటి రాయి మీద దించి, ఆ రాయితోనే చెప్పాడు. ఓ రాయీ, ఇవి ఇంటి మనిషికి. అంతే, వెళ్లిపోయాడు. ఆయన కనుమరుగయ్యాక ఆమె కుండ ఎత్తుకుంది. మాట కూడని మనుషులకి వాళ్లలో అదొక్కటే దారి. రాయికో, కుక్కకో, గుంజకో చెబితే పక్కవాళ్లు వినొచ్చు. ఆయన గొంతు ఆమె సూటిగా తన కోసం విన్నది ఆ ఒక్కసారే.

గురువారం యర్రయ్య వచ్చాడు.

ఉతికిన ఖాకీ చొక్కా, చేతికర్ర, వంగిన నడుము. బస్టాండులో వాళ్లని దూరం నుంచే గుర్తుపట్టి, గిరుక్కున అటు తిరిగి నిలబడ్డాడు. ఫ్లోరెన్స్ ఆయన్ని తీసుకుని ముందు నడిచింది. సోములమ్మ ముసుగేసుకుని, ఆయన నీడ ఎటు పడుతోందో చూసుకుంటూ వెనక నడిచింది. ఆఫీసులో ఆయన బల్ల దగ్గర కూచున్నాడు, ఆమె గుమ్మం పక్కన నేల మీద గోడవైపు తిరిగి కూచుంది.

రవిబాబు టీ తెప్పించి, చక్కగా పలకరించి, కలం తీసి మొదలుపెట్టాడు. తాతా, మీ ఊళ్లో వేటమాంసం పంచేటప్పుడు మగాడు లేని ఇంటికి కూడా ఇచ్చేవాళ్లా? ఆ వాటాని ఏమనేవాళ్లు?

"తెలీదు బాబూ."

కొత్తకోడలు తెచ్చిన మొదటి నీళ్లకుండ?

"తెలీదు బాబూ."

మూడోది తెలీదు, నాలుగోదీ తెలీదు. ఆయనకి తెలీక కాదు. కట్ట కట్టకముందు ఇలాగే ఒక ప్యాంటు బాబు కలం పట్టుకుని తుంబిపుట్టు వచ్చాడు. ఈ మడి పేరేంటి, ఆ చెట్టు ఎవరిది, ఏరు ఎక్కడిదాకా పొంగుతుంది అని అడిగితే యర్రయ్య మురిసిపోయి దగ్గరుండి అన్నీ చూపించాడు. మరుసటేడు చూపించినచోటల్లా కట్ట కోసం సర్వే గుంజలు దిగాయి. అప్పట్నుంచి కలం పట్టుకుని ఎవరేమడిగినా ఆయనది ఒకటే జవాబు. రవిబాబుకి అదేం తెలుసు? కాగితం మీద వరసగా నాలుగు ఇంటూలు వేశాడు. ఐదోదానికి కలం ఎత్తి, మొహమాటంగా ఫ్లోరెన్స్ వైపు చూశాడు.

గోడవైపు కూచున్న సోములమ్మకి ఆ కలం గీతలు వినబడుతూనే ఉన్నాయి. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఊట దగ్గర ఆడవాళ్ల మొహాలు కళ్లముందు తిరిగాయి. లేచింది. ముసుగు గడ్డందాకా లాక్కుని, మూటలోంచి పాత పుస్తకం తీసి, బల్ల మీద సరిగ్గా మధ్యలో పెట్టింది. వెనక్కి పోయి మళ్లీ గోడవైపే తిరిగి కూచుని, కొండ భాషలో గట్టిగా అంది.

"ఓ పుస్తకమా, మగాడు వేటకి పోని ఇంటికి ఊరు ఏం తీసిపెట్టేది?"

 యర్రయ్య కర్ర వంక చూశాడు. ఆ తర్వాత పుస్తకం వంక చూశాడు. పొగ పట్టిన అట్ట, తన ఇంటి అటక వాసన.

"ఓ పుస్తకమా," అన్నాడు, "అడిగినామెకి చెప్పు." అని ఆ మాట పలికాడు. పలికి ఊరుకోలేదు. ఆ వాటాలో కార్జం ముక్క తప్పకుండా ఉండాలని, అది లేకుండా పంపితే మా అమ్మ తిరిగి పంపించేసేదని చెప్పమన్నాడు. తను కాపరానికి రాకముందే పోయిన అత్త గురించి సోములమ్మ వినడం అదే మొదటిసారి.

రవిబాబు మొదట వేసిన ఇంటూని చెరిపేసి గబగబా రాసుకున్నాడు. వాళ్ల మాట అతనికి సగమే అందుతోంది, కానీ జరుగుతున్నదేంటో అర్థమైంది. మళ్లీ నోరెత్తితే ఒట్టు. సోములమ్మ పుస్తకాన్ని అడగడం, యర్రయ్య పుస్తకానికి చెప్పడం. నీళ్లకుండ మాట వచ్చింది. రోకళ్ల మాట వచ్చింది. ఆయన ఆ వరస ఎలా పడుతుందో కర్రతో నేల మీద కొట్టి మరీ పుస్తకానికి వినిపించాడు. ఒకదానికి నవ్వాడు, గోడవైపు తిరిగి ఉన్న ఆమెకీ నవ్వొచ్చింది. నలభయ్యేళ్ల చుట్టరికంలో ఇద్దరూ కలిసి నవ్విందీ అదే మొదలు. ఒక్కో మాటకీ ఆమె ఒక్కో పిక్క ముడిలోంచి తీసి పక్కన పెట్టుకుంది. పదయ్యాయి.

పదకొండోది అడిగేటప్పుడు ఆమె గొంతు మెత్తబడింది.

"ఓ పుస్తకమా, కావిడితో ముందు నడిచేవాడు వెనక్కి తిరగలేడు. తిరిగితే కావిడి కొండకి తగులుతుంది. మలుపులో ఆగి, వెనక అడుగులు వినబడేదాకా నిలబడి, ఒక మాట అంటాడు. ఆ మాట."

యర్రయ్య ఆలోచించాడు. మళ్లీ చెప్పమన్నాడు. ఆమె మళ్లీ చెప్పింది.

"మా ఊళ్లో దానికి మాట లేదు, పుస్తకమా. ఆగడమంటే ఆగడమే. ఏదో ఆమెనే చెప్పమను."

"జిరుంబ," అంది సోములమ్మ.

యర్రయ్య కర్ర పక్కన పెట్టాడు. ఆయన గొంతులో గట్టిదనం లేదు.

"అది మా తమ్ముడిది, పుస్తకమా. మా భీముడిది. చిన్నప్పట్నుంచీ వాడికదో పిచ్చి. దూడకో మాట, ఈదరగాలికో మాట, వాడికి వాడే కట్టేవాడు. ఊళ్లో లేని మాటలనొద్దని అమ్మ కొట్టేది. పెళ్లయాక మానేశాడనుకున్నాను."

సోములమ్మకి ముందు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. పదహారేళ్లప్పుడు వేరే కొండ నుంచి కోడలిగా వచ్చింది. అత్త లేదు, బావతో మాట కూడదు. మొగుడు ఏదంటే అదే ఆ ఊరి మాట అనుకుని నేర్చుకుంది. మలుపు మలుపుకీ ఆగి అతననే ఆ మాట తుంబిపుట్టులో అందరూ అనేదే అనుకుంది. అతను పోయిన ఏడాదే మాస్టారు వస్తే ఊరి మాటగానే రాయించింది.

"ఏమన్నాడు పెద్దమ్మా?" రవిబాబు కలం కాగితానికి ఆనించే ఉంచాడు. "ఇదీ ఉందన్నాడు కదా?"

తలూపితే చాలు. ఫ్లోరెన్స్‌కి వాళ్ల మాట రాదు, రవిబాబుకి పట్టుబడలేదు. యర్రయ్యని అడిగితే తెలీదు బాబూ అంటాడు. ఆ మాట మళ్లీ అచ్చులో పడుతుంది, ఇంకో పాతికేళ్లుంటుంది. పిక్క ఆమె వేళ్ల మధ్య చెమటకి జారుతోంది. తలూపాలనే ఉంది. దేవుడి మీద ఒట్టు, ఆ క్షణాన ఆమెకి అంతకన్నా కావలసింది లేదు. కానీ తను అబద్ధం చెప్పలేదని చూపించుకోడానికే కదా ఇంతదూరం వచ్చింది.

"ఇది కొట్టీయండి బాబూ," అంది తెలుగులో. "ఇది ఊరిమాట కాదు. నాను తెలీక సెప్పీసినాను."

రవిబాబు పదకొండో వరస కొట్టేశాడు. తర్వాత పది మాటల కాగితం కింద సంతకం పెట్టి, యర్రయ్య చేత వేలిముద్ర వేయించాడు. పాత పుస్తకం ఎత్తి ఆమె చేతికి తనే అందించాడు. ఆ మాట ఇంక ఇందులో తప్ప ఎక్కడా ఉండదు పెద్దమ్మా, జాగ్రత్తగా పెట్టుకోండి అన్నాడు. ఇమ్మని మాత్రం అడగలేదు.

ఫ్లోరెన్స్‌కి ఆస్పత్రిలో మీటింగుంది, రాత్రికి పాడేరులోనే ఉండిపోతుంది. డొంకరాయి బస్సు మర్నాడు మధ్యాహ్నం గానీ లేదు. పెద్దాయన్ని సబ్‌సెంటర్లో పడుకోమని తాళం చేతికిచ్చి ఇద్దర్నీ జీపెక్కించింది. జీపు దిగేసరికి పొద్దు వాలుతోంది. మిగతావాళ్లు తలోదారీ పోయారు. పనసగుడకి ఎక్కే కాలిబాట మీద వీళ్లిద్దరే మిగిలారు. ఆయన ముందు, ఇరవై ముప్పై అడుగుల వెనక ఆమె, చంకలో పుస్తకం మూట.

గెలిచిందా ఓడిందా ఆమెకే తెలీలేదు. పది మాటలు వెనక్కొచ్చాయి. రేపు ఊట దగ్గర తలెత్తుకుని నీళ్లు పట్టుకోవచ్చు, యర్రమ్మకి చెప్పాల్సింది చెప్పొచ్చు. కానీ మనసంతా ఆ పదకొండోదాని మీదే ఉంది. అతను తన కోసం ఒక మాట కట్టాడు. తొమ్మిదేళ్లు కాపరం చేసి, రోజూ వింటూ, ఊరిదేలే అనుకుని ఊరుకుంది. ఒక్కసారైనా తెలిసుంటే బాగుందనేది కదా, నవ్వేది కదా. ఇప్పుడు తెలిసి ఎవరితో నవ్వడం? ఏడుపొచ్చింది. ముసుగు అడ్డం ఉంది కాబట్టి దాచుకోనక్కర్లేదు, ఏడుస్తూనే నడిచింది.

ఎక్కుడు మొదలయ్యాక మోకాళ్లు పట్టేశాయి. దూరం పెరిగింది. ఖాకీ చొక్కా వాగు మీది మలుపులో కనబడకుండా పోయింది. ఆమె ఆగి ఊపిరి తీసుకుని, మళ్లీ మెల్లగా ఎక్కింది. మలుపు తిరిగేసరికి యర్రయ్య అక్కడే ఉన్నాడు. వెనక్కి తిరగలేదు. కర్ర మీద రెండు చేతులూ ఆనించి, కొండవైపు చూస్తూ నిలబడి ఉన్నాడు. అలిసిపోయాడేమో అనుకుంది. ఆమె అడుగుల కింద ఎండాకులు చప్పుడు చేశాయి. ఆ చప్పుడు వినబడ్డాక ఆయన గొంతు సవరించుకుని, పక్కనున్న రాయితో అన్నాడు.

"జిరుంబ."

నోటికి అలవాటు లేని మాట కదా, సరిగ్గా పలికానా లేదా అన్నట్టు ఒక్క క్షణం ఆగాడు. అన్నదమ్ముల గొంతులు ఇంత ఒక్కలా ఉంటాయని ఆమెకి ఇన్నాళ్లూ తెలీదు. తర్వాత ఆయన కర్ర ముందుకేసి నడక సాగించాడు.

సోములమ్మ మూట ఎత్తిపట్టుకుని గుండెకి ఆనించుకుంది. ఆ మాటకి రెండో నోరు దొరికింది. పాడేరుకి కబురు చెయ్యాలని ఆమెకి అనిపించలేదు. కొంగు ముడిలో మిగిలిన ఆ ఒక్క పిక్కా తీసి పిడికిట్లో పెట్టుకుని నడిచింది. అడుగు వేగంగా వెయ్యలేదు. ముందింకా రెండు మలుపులున్నాయి, అక్కడా ఆయన ఆగుతాడు.